చూడని దృశ్యం, చెరగని జ్ఞాపకం



1992 అక్టోబరు 4, ఆదివారం సాయంత్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయం నుంచి ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్ ఆల్ కంపెనీ సరుకుల విమానం ఒకటి, బోయింగ్ 747, పైకి లేచింది. కొద్ది నిమిషాలకే కుడి రెక్క కింది రెండు ఇంజన్లూ ఊడి పడిపోయాయి. విమానాన్ని వెనక్కి తిప్పి ఎలాగైనా దించాలని పైలట్ పెనుగులాడాడు. కుదరలేదు. ఊరి చివర బైల్మర్ అనే పేటలో ఒక పెద్ద అపార్టుమెంటు మీద విమానం కూలిపోయింది. 43 మంది చనిపోయారు. టీవీ వాళ్ళు కెమెరాలతో వచ్చేసరికి అక్కడ మిగిలినవి మంటలు, పొగ, విరిగిన గోడలు, ఫైరింజన్లు. విమానం భవనాన్ని ఢీకొన్న క్షణాన్ని మాత్రం ఏ కెమెరా పట్టలేదు. అటువంటి ఫిల్ము లేనే లేదు.

పది నెలలు గడిచాక హాన్స్ క్రోంబాగ్, విల్లెం వాగెనార్, పీటర్ వాన్ కొప్పెన్ అనే ముగ్గురు డచ్చి మనస్తత్వ పరిశోధకులు 193 మందికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: విమానం భవనాన్ని ఢీకొట్టిన క్షణం టీవీలో చూపించారు కదా, మీరు చూశారా? 107 మంది చూశామన్నారు. నూటికి 55 మంది! నమ్మలేక, రెండోసారి 93 మంది లా విద్యార్థులను అడిగారు. వాళ్ళలో 62 మంది, అంటే మూడింట రెండు వంతులు, చూశామనే చెప్పారు. రేపు కోర్టులో సాక్షులను నిలదీయాల్సినవాళ్ళు! విమానం నిలువునా పడిందా, అడ్డంగా వచ్చిందా, తగలకముందే మండుతోందా అని గుచ్చిగుచ్చి అడిగితే, వాటికీ జవాబులు వచ్చాయి.

వాళ్ళెవరూ అబద్ధమాడలేదు. ఆడవలసిన పనీ లేదు. 1997లో పారిస్ సొరంగంలో యువరాణి డయానా కారు ప్రమాదం జరిగింది. తర్వాత కొన్నేళ్ళకు, ఆ కారు గుద్దుకున్న దృశ్యం టీవీలో చూశారా అని బ్రిటన్‌లో కొందరిని అడిగితే నూటికి 44 మంది చూశామన్నారు. ఆ ఫిల్ము కూడా ఎక్కడా లేదు.

మరి ఏం జరిగింది? వార్త విన్నారు. పేపర్లో గీసిన పటం చూశారు. కాలుతున్న భవనాన్ని టీవీలో చూశారు. ఇరుగుపొరుగుతో దాని గురించే మాట్లాడారు. మాట్లాడుతున్నంతసేపూ మనసు ఆ క్షణానికి తనే ఒక బొమ్మ గీసుకుంది. కొన్నాళ్ళకు ఆ బొమ్మ మిగిలింది, దాన్ని గీసింది ఎవరన్నది మాత్రం మరుగున పడింది. అలా మిగిలిన బొమ్మ ఫ్రమ్ అడ్రసు లేని ఉత్తరం లాంటిది. లోపలి విషయం స్పష్టంగా ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం మనమే ఊహించుకోవాలి.

ఈ ఊహించుకోవడం ఎలా జరుగుతుందో ఏళ్ళ తరబడి తవ్వి చూసిన శాస్త్రవేత్త మార్సియా జాన్సన్. 1981లో కరోల్ రే అనే సహచరురాలితో కలిసి ఆమె ఒక వివరణ ఇచ్చారు. ఒక జ్ఞాపకం తలకు తట్టినప్పుడు అది నిజంగా చూసిందా, మనసులో అనుకున్నదా అని తేల్చే ముద్ర ఏదీ దాని మీద ఉండదు. మనసు కొన్ని గుర్తులను బట్టి తీర్పు చెబుతుంది. రంగు, చప్పుడు, వాసన, చోటు, వేళ దండిగా ఉంటే అది చూసిందే అని లెక్క. అలా కాక, ఆలోచించిన శ్రమ, కూడదీసుకున్న జాడ కనిపిస్తే అది ఊహ అని లెక్క. చాలాసార్లు ఈ లెక్క సరిపోతుంది. అందుకే రోజులు గడిచిపోతున్నాయి.

తప్పేది ఎక్కడంటే, ఊహ కూడా రంగులతో, వివరాలతో, శ్రమ లేకుండా వచ్చినప్పుడు. 1979లోనే జాన్సన్ బృందం కొందరికి కొన్ని బొమ్మలు చూపించి, మధ్యమధ్య అవే బొమ్మలను మనసులో ఊహించుకోమంది. చివర్లో, ఏ బొమ్మను ఎన్నిసార్లు చూశారో చెప్పమంటే, ఎక్కువసార్లు ఊహించుకున్న బొమ్మలను ఎక్కువసార్లు చూసినట్టు చెప్పారు. ఇందులో చిత్రమేమిటంటే, మనసులో బొమ్మ చక్కగా కట్టగలవాళ్ళే ఎక్కువ తడబడ్డారు. ఊహ మొద్దుగా ఉన్నవాళ్ళ లెక్క మెరుగ్గా ఉంది. కథకులకూ చిత్రకారులకూ ఇది అంత రుచించే కబురు కాదు.

ఇంతకన్నా చాలా ముందు, 1910లో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చీవ్స్ వెస్ట్ పెర్కీ అనే పరిశోధకురాలు దీన్ని తిరగేసి చూపించారు. మసక గాజు తెర ముందు మనిషిని కూర్చోబెట్టి, దాని వైపే చూస్తూ ఒక టమాటానో అరటిపండునో ఊహించుకోమనేవారు. వాళ్ళకు తెలియకుండా తెర వెనక నుంచి అదే వస్తువు బొమ్మను, కంటికి ఆనీ ఆననట్టు, మెల్లగా వేసేవారు. కూర్చున్నవాళ్ళు ఎదురుగా ఉన్న ఆ బొమ్మనే చూస్తూ, అది తమ ఊహ అనుకుని వర్ణించారు. అరటిపండు నిలువుగా నిలబడి కనిపిస్తోందేమిటా అని ఆశ్చర్యపోయినవారూ ఉన్నారు. అంటే చూపుకూ ఊహకూ మధ్య గోడ రెండు వైపుల నుంచీ పలచనే.

ఇది ఇంట్లో ప్రతివాళ్ళకూ అనుభవమే. బస్సెక్కి కూర్చున్నాక గుర్తొస్తుంది: గ్యాస్ కట్టేశానా? కట్టేసినట్టే ఉంటుంది. నాబ్ తిప్పిన చెయ్యి కూడా కనిపిస్తుంది. కానీ అది ఇవాళ్టి చెయ్యా, నిన్నటిదా, లేక కట్టేయాలి అని వంటింట్లో అనుకున్నప్పుడు మనసులో కదిలిన చెయ్యా?

రేడియో వినేవాళ్ళకు ఈ సంగతి ఇంకాస్త దగ్గరిది. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు మార్సియా జాన్సన్‌తో కలిసి 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి కొన్ని చప్పుళ్ళు వినిపించారు. కుక్క మొరుగు, బాస్కెట్‌బాల్ నేలకేసి కొట్టిన చప్పుడు, అటువంటివి. కొన్ని వస్తువులను కళ్ళతో చూపించారు, కొన్నిటిని ఊహించుకోమన్నారు. తర్వాత అడిగితే, ఊహించుకున్న వస్తువు చప్పుడు కూడా విన్నవాళ్ళు దాన్ని కళ్ళారా చూశామని ఎక్కువగా చెప్పారు. చప్పుడు నిజంగా చెవిన పడింది. ఆ నిజం పక్కనున్న ఊహకు కూడా అంటుకుంది. మాటలు చదివినా ఇంతే. హెలీన్ ఇంట్రౌబ్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని దృశ్యాల ఫోటోలు చూసి, మరికొన్ని దృశ్యాల గురించి వర్ణన మాత్రమే చదివినవాళ్ళు, తర్వాత చదివినవాటిలో కొన్నిటికి కూడా ఫోటో చూశామని పొరబడ్డారు.

క్రికెట్ అభిమానులు ఇక్కడ ఒకసారి తమను తాము పరీక్షించుకోవచ్చు. 1983 జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ మైదానంలో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుంది. అప్పుడు కపిల్ దేవ్ ఆడిన 175 నాటౌట్ ఇన్నింగ్స్ గురించి వినని తెలుగువాడు అరుదు. ఆ రోజు బీబీసీ టీవీ కెమెరాలు అక్కడ లేవు, మ్యాచ్ వీడియో లేదు. మైదానంలో కూర్చున్నవాళ్ళు తప్ప ఆ సిక్సర్లను చూసినవారెవరూ లేరు. ఆపై 2021 డిసెంబరులో వచ్చిన హిందీ సినిమాలో రణ్‌వీర్ సింగ్ ఆ ఇన్నింగ్స్ ఆడి చూపించాడు. కపిల్ కొట్టిన ఆ షాట్లు మీకు కళ్ళముందు ఆడుతుంటే, ఆ బొమ్మ ఎక్కడిదో ఒక్కసారి వెతికి చూడండి.

చిన్ననాటి జ్ఞాపకాల్లో ఈ తికమక బాగా ముదురుతుంది. పిల్లల మనసు ఎలా పెరుగుతుందో జీవితమంతా పరిశోధించిన స్విస్ శాస్త్రవేత్త జాఁ పియాజే తన సంగతే ఒకటి రాసుకున్నారు. పారిస్‌లో, షాంజెలీజే వీధిలో, ఆయాతో పాటు తోపుడుబండిలో వెళ్తుంటే ఎవడో తనను ఎత్తుకుపోబోయాడు. ఆయా అడ్డుపడింది, ఆమె ముఖం గీరుకుపోయింది. జనం పోగయ్యారు. పొట్టి అంగీ వేసుకుని తెల్లకర్ర పట్టుకున్న పోలీసు రాగానే వాడు పారిపోయాడు. ఇదంతా ఆయనకు కళ్ళకు కట్టినట్టు గుర్తు. ఆయనకు పదిహేనేళ్ళ వయసప్పుడు ఆ ఆయా నుంచి ఉత్తరం వచ్చింది. అదంతా తను కల్పించిందేననీ, గీతలు తనే గీరుకున్నాననీ ఒప్పుకుని, అప్పట్లో బహుమానంగా ఇచ్చిన గడియారం కూడా తిరిగి పంపుతానంది. చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు చెప్పుకుంటుంటే విన్న కథ, ఆ పిల్లవాడి కళ్ళలో దృశ్యంగా మారి కూర్చుందన్నమాట.

నాడీవైద్యుడు, రచయిత ఆలివర్ శాక్స్ అనుభవం దీనికి ఇంకో మెట్టు పైన ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద జర్మన్ బాంబులు పడిన రోజుల గురించి ఆయన 2001లో తన ఆత్మకథలో రెండు ఘటనలు రాశారు. ఒకటి, పొరుగింట్లో పడి పేలకుండా ఉండిపోయిన పెద్ద బాంబు. రెండోది, తమ పెరట్లో పడి తెల్లటి వేడితో మండిన నిప్పుబాంబు: నాన్న చేతిపంపుతో నీళ్ళు కొడుతున్నారు, అన్నలు బకెట్లతో అందిస్తున్నారు, నీళ్ళు తగిలినచోట లోహం బుస్సుమంటూ ఎగజిమ్ముతోంది. పుస్తకం వచ్చాక అన్నయ్య మైకేల్ చెప్పాడు: మొదటిది నిజమే, రెండోది నువ్వు చూడనే లేదు, ఆ రాత్రి మనిద్దరం ఊళ్ళోనే లేము, బ్రేఫీల్డ్ హాస్టల్ బడిలో ఉన్నాం, డేవిడ్ అన్నయ్య అదంతా ఉత్తరంలో రాశాడు, నువ్వు ఆ ఉత్తరం చదివి మైమరిచిపోయావు. ఆ తర్వాత కూడా శాక్స్‌కు ఆ రెండు జ్ఞాపకాల మధ్య తేడా దొరకలేదు. తప్పని తెలిసినా ఆ నిప్పుబాంబు అంతే వెలుగుతో మనసులో మండుతూనే ఉంది. మనిషి మెదడు గురించి జీవితమంతా రాసిన వైద్యుడి సంగతే ఇది.

ఇంకో మెట్టు దిగితే, ఊహించుకోమని ఊరికే అడిగినా చాలని తేలింది. 1996లో మేరియాన్ గ్యారీ, ఎలిజబెత్ లోఫ్టస్ మొదలైనవారు కొందరిని చిన్ననాటి ఘటనల జాబితా ఒకటి నింపమన్నారు. రెండు వారాల తర్వాత వాటిలో కొన్నిటిని నిమిషం పాటు ఊహించుకోమన్నారు. ఇంట్లో ఆడుకుంటున్నావు, బయట ఏదో చప్పుడైంది, కిటికీ దగ్గరికి పరుగెత్తావు, కాలు తట్టుకుని పడుతూ చేత్తో అద్దం పగలగొట్టావు, అని. తర్వాత మళ్ళీ జాబితా నింపమంటే, ఊహించుకున్నవాళ్ళలో 24 శాతం మందికి అది జరిగే ఉంటుందన్న నమ్మకం పెరిగింది. ఊహించుకోని వాళ్ళలో అలా పెరిగింది 12 శాతం మందికే. ఈ పెరుగుదల అంకెల సహజమైన ఊగిసలాటే కావచ్చని కొందరు పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అయితే లిన్ గాఫ్, హెన్రీ రోడిగర్ 1998లో ప్రచురించిన ప్రయోగం ఆ సందేహానికి చాలావరకు చోటివ్వదు. అక్కడ పళ్ళపుల్ల విరవడం లాంటి చిన్నచిన్న పనులను పరిశోధకుల ముందే చేయించారు, ఎవరు ఏది చేశారో పక్కాగా రాసి పెట్టుకున్నారు. తర్వాత కొన్ని పనులను ఊహించుకోమన్నారు. ఎన్ని ఎక్కువసార్లు ఊహించుకుంటే, చేయని పనిని చేశామని చెప్పడం అంత ఎక్కువైంది.

2004లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు మెదడు స్కానింగ్‌తో దీన్ని ఇంకా దగ్గరగా చూశారు. వస్తువుల పేర్లు చెప్పి, బొమ్మ ఊహించుకోమని, కొన్నిటికి మాత్రమే ఫోటో చూపించారు. ఊహించుకుంటున్న సమయంలోనే మెదడులో దృశ్య ఊహకు సంబంధించిన భాగాలు ఎక్కువగా చురుకైతే, ఆ వస్తువు ఫోటో చూశామని తర్వాత పొరబడటం ఎక్కువగా కనిపించింది. పొరపాటుకు విత్తనం గుర్తు తెచ్చుకునే వేళ కాదు, ఊహించుకునే వేళే పడుతోంది.

ఇది ప్రయోగశాలలోనే ఉండిపోతే చింత లేదు. కోర్టు మెట్లెక్కినప్పుడే భయం. 1970ల్లో ఆస్ట్రేలియాలో డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను అత్యాచారం కేసులో పట్టుకున్నారు. బాధితురాలు ఆయన్ను గట్టిగా గుర్తుపట్టింది. అయితే సరిగ్గా ఆ వేళకు ఆయన ఒక టీవీ స్టూడియోలో, ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నారు. దాడి జరగడానికి కాస్త ముందు ఆమె ఇంట్లో ఆ కార్యక్రమమే నడుస్తోంది. తెర మీది ముఖం దాడి చేసినవాడి ముఖం స్థానంలోకి వచ్చేసింది. ఆయన మాట్లాడుతున్న అంశం సాక్షుల జ్ఞాపకశక్తి గురించే!

అదృష్టం అందరికీ అలా కలిసిరాదు. 1984లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో జెన్నిఫర్ థాంప్సన్ అనే విద్యార్థినిపై దాడి జరిగింది. వాడి ముఖాన్ని మరిచిపోకూడదని ఆమె ఆ ఘోరంలోనే శ్రద్ధగా చూసింది. పోలీసులతో కూర్చుని బొమ్మ గీయించింది. ఫోటోల వరుసలో రోనాల్డ్ కాటన్‌ను ఎంచింది. తర్వాత మనుషుల వరుసలోనూ అతన్నే ఎంచింది. రెండు వరుసల్లోనూ ఉన్నది అతనొక్కడే. ఆపైన ఆమె ఆ రాత్రిని గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ ముఖమే కనిపించేది. అసలు నేరస్థుడు బాబీ పూల్‌ను 1987లో కోర్టులో ఎదురుగా నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్ఏ పరీక్ష పూల్‌ను పట్టించింది. కాటన్ అప్పటికి పదేళ్ళకు పైగా జైల్లో గడిపాడు. తర్వాత వాళ్ళిద్దరూ కలిసి తమ కథ పుస్తకంగా రాశారు.

మన దేశంలో గుర్తింపు పరేడ్‌ను సాధారణంగా మెజిస్ట్రేటు సమక్షంలో జరిపిస్తారు. నిందితుణ్ణి గానీ, అతని ఫోటోను గానీ సాక్షి ముందే చూసి ఉంటే ఆ పరేడ్‌కు విలువ ఉండదని మన కోర్టులు పలుమార్లు చెప్పాయి. పోలీసులు ప్రెస్‌మీట్‌లో నిందితులకు ముసుగులు వేసి నిలబెట్టడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ముసుగు తీసిన ఫోటో సాయంత్రానికల్లా ఫోన్లలో తిరిగితే ఆ జాగ్రత్త బూడిదలో పోసిన పన్నీరే.

ఊహను మందుగా వాడినప్పుడు జరిగిన నష్టం ఇంకా పెద్దది. 1980లు, 90ల్లో అమెరికాలో కొందరు చికిత్సకులు, కళ్ళు మూసుకో, చిన్నప్పుడు ఏం జరిగి ఉంటుందో ఊహించు, బొమ్మ కనబడేదాకా ఆగు, అనే పద్ధతిలో మరుగున పడిన జ్ఞాపకాలను తవ్వుతామన్నారు. విస్కాన్సిన్‌లో ఒక నర్సు సహాయకురాలు ఇలాంటి చికిత్సలో, తాను క్షుద్రపూజల ముఠాలో ఉన్నాననీ, తనలో 120కి పైగా వ్యక్తిత్వాలున్నాయనీ, వాటిలో ఒకటి బాతనీ నమ్మింది. తెలివి తెచ్చుకుని దావా వేసింది. 1997లో 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక షెరీఫ్ కార్యాలయ అధికారి సంగతి మరీ విచిత్రం. 1988లో తన మీద వచ్చిన ఆరోపణల విచారణలో, ప్రార్థన చేస్తూ ఊహించుకుని, గుర్తుకొచ్చిందని ఒప్పుకుంటూ పోయాడు. రిచర్డ్ ఆఫ్షీ అనే పరిశోధకుడు పరీక్షగా తానే ఒక నేరం కల్పించి చెప్పాడు. మొదట గుర్తు లేదన్న మనిషి, ఆ దృశ్యాన్ని ఊహించుకోవడానికి కొంత సమయమిచ్చాక, వివరంగా కాగితాల మీద రాసిచ్చాడు.

హైదరాబాదులో కూడా పూర్వజన్మ చూపిస్తామనే ప్రకటనలు కనబడుతూనే ఉన్నాయి. వాటిలో వాడేది ఇదే పనిముట్టు. 1991లో కెనడాలో నికొలస్ స్పానోస్ బృందం హిప్నటిజంలో పూర్వజన్మలు చెప్పించి చూసింది. ఏం కనిపిస్తుందో ముందుగా చెబితే ఆ జన్మలు అలాగే వచ్చాయి. అందులో కనిపించిన రాజు, ఊరు, బట్టలు ఎంత స్పష్టంగా ఉన్నా, డబ్బు కట్టి అవి నిజమని నమ్మడానికి ఆ స్పష్టత సరిపోదు.

అలాగని ఊహ శత్రువేమీ కాదు. ఘటన జరిగిన చోటును మనసులో మళ్ళీ నిలబెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు, ఊహాగానం చేయకుండా చెప్పించే పద్ధతిని ఎడ్వర్డ్ గైసెల్మన్, రోనాల్డ్ ఫిషర్ 1980ల్లో రూపొందించారు. దానితో సాక్షుల నుంచి సరైన వివరాలు ఎక్కువగా వచ్చాయి. ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యమే. ఒక బొమ్మ చూసి, తర్వాత దాని గురించి చదివినవాళ్ళను అడిగే ప్రశ్నలో 1989లో స్టీఫెన్ లిండ్సే, మార్సియా జాన్సన్ ఒక చిన్న మార్పు చేశారు. ఇది చూశారా అని అడగడం మాని, ఇది చూశారా, చదివారా, రెండూనా, ఏదీ కాదా అని అడిగారు. అంతటితో తర్వాత చదివినదాన్ని చూశామనే పొరపాటు మాయమైంది.

2009లో ఫియోనా గ్యాబర్ట్, లొరైన్ హోప్, రోనాల్డ్ ఫిషర్ సాక్షుల కోసం ఒక చిన్న పుస్తకం తయారు చేశారు. ప్రమాదం చూసినవాళ్ళు ఎవరితోనూ మాట్లాడకముందే అందులో తమంతట తాము రాసుకుంటారు. అలా రాసినవాళ్ళు వారం తర్వాత కూడా ఎక్కువ సరైన వివరాలు చెప్పగలిగారు. ఆ పుస్తకం మన పోలీస్ స్టేషన్లో దొరకకపోవచ్చు గానీ, పిల్లల నోట్‌బుక్కులో ఒక కాగితం చాలు. రోడ్డు మీద ప్రమాదమో దొంగతనమో మీ కళ్ళ ముందు జరిగితే, పక్కవాళ్ళతో చర్చకు దిగకముందే, టీవీ పెట్టకముందే, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు తెరవకముందే, మీరు చూసింది ఒకవైపు, ఇతరులు చెప్పగా విన్నది ఇంకోవైపు విడివిడిగా రాసి, కింద తేదీ, టైము వేసి, సంతకం పెట్టి దాచండి.